మూసారాం: ఒక ఫ్రెంచి ఇంటిపేరు ప్రస్థానం

తెలుగువారి ఇంటిపేర్లలో అధికభాగం ఊరిపేర్ల నుండి పుట్టినవి. ధర్మవరం ప్రాంతమున రామగిరి యను గ్రామమున్నది. రామగిరి యను ఇంటిపేరును ఉన్నది. హైదరాబాదులోని మూసారాంబాగ్ విషయమున ఈ క్రమము తలక్రిందులైనది. అచట ఒక ఫ్రెంచివాని ఇంటిపేరే పేటకు పేరైనది.

‘రేమోఁ’ జర్మానిక్ మూలము గల పదము. ‘రగిన్’ అనగా ఆలోచన, ‘ముండ్’ అనగా రక్షణ. దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్ ప్రభువులలో పలువురు ఈ పేరు ధరించిరి. వారిలో నాల్గవ రేమోఁ 1096లో మొదటి క్రూసేడుకు తరలినవాడు. మొదట వ్యక్తినామమైన ఈ పదము క్రమముగా తండ్రి నుండి బిడ్డలకు సంక్రమించు వంశనామమైనది.

గాస్కనీ సీమలో 1755లో జన్మించిన మిషెల్ జోకిమ్ మరీ రేమోఁ 1775లో పుదుచ్చేరి చేరెను. పిదప నిజాం అలీఖాన్ కొలువున సేనానియై 1798లో మరణించెను. ఆ ఏడే ఆంగ్లేయులు అతని ఫ్రెంచి దళమును రద్దు చేయించిరి. పేరు మాత్రము ప్రజల నోట మిగిలినది. ‘అయ్యా’ వంటి గౌరవవాచకమైన ‘మొస్యే’ మూసా అయినది. రేమోఁ హిందువులకు రాముడు, ముస్లిములకు రహీము అయినాడు. దీనిని ఉచ్చారణదోషమని త్రోసిపుచ్చరాదు. తెలియని పదమును తెలిసిన పదముతో పోల్చుకొను లోకనిరుక్తి ఇది. తెలుగున ఇంటిపేరుండవలసిన తొలిస్థానమును గౌరవవాచకము ఆక్రమించుట మాత్రము విచిత్రము. ఆస్మాన్‌గఢ్ గుట్టపై అతని సమాధిస్తంభమున ‘జె. ఆర్.’ అను అక్షరములున్నవి. అందు రెండవది ఆ ఇంటిపేరుకు గుర్తు.