చల్లని బండిలో సెగల పెట్టె

మంచాలు, వంటగట్టు, బాత్‌రూమ్, ఏసీ... ఇల్లంతా చక్రాల మీదే! అమెరికాలోని తెలుగు కుటుంబాలకు వేసవి సెలవుల్లో మోటార్ హోమ్ ప్రయాణం ఓ సరదా. కానీ మండుటెండలో ఎడారి దారి పట్టినప్పుడు ఆ బండిలో అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఏ ఫ్రిజ్ కిందో, మంచం అడుగునో దాక్కుని ఉండే కరెంటు బోర్డు.

లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్ వెళ్లే దారిలో బేకర్ అని ఓ చిన్న ఊరు. అక్కడ 134 అడుగుల ఎత్తున ఓ థర్మామీటరు నిలబడి ఉంటుంది. ఆ ఎత్తుకో లెక్కుంది. అక్కడికి ఉత్తరాన ఉన్న డెత్ వ్యాలీలో 1913 జులై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 56.7 డిగ్రీల సెల్సియస్ ఎండ నమోదైంది. ప్రపంచ రికార్డు అది. 2024 జులైలో అక్కడ పగలూ రాత్రీ కలిపి చూసిన సగటే 42.5 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండలు తిన్నవాళ్లకు కూడా చెమటలు పట్టించే అంకెలివి.

అటువైపు ఓ కుటుంబం బయల్దేరిందనుకోండి. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పెద్దవాళ్లకి హోటల్ తిండి పడదు. అందుకే బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసాతో సహా బండెక్కారు. సాయంత్రం నాలుగింటికి క్యాంపు గ్రౌండ్ చేరారు. కరెంటు స్తంభానికి ప్లగ్గు పెట్టి, పైకప్పు ఏసీ వేశారు. అత్తగారు రైస్ కుక్కర్ పెట్టారు. పిల్లలు పాప్‌కార్న్ కోసం మైక్రోవేవ్ నొక్కారు. పది నిమిషాలు గడిచాయో లేదో... టక్! ఏసీ ఆగిపోయింది.

''అమెరికాలో కూడా కరెంటు పోతుందట్రా నాన్నా?''

పోలేదు. బ్రేకరు పడిపోయింది, అంతే. పైకి లేపితే వస్తుంది. కాసేపటికి మళ్లీ పడిపోతుంది. మూడోసారికి అందరూ కలిసి బ్రేకరుని తిట్టుకోవడం మొదలుపెడతారు. పాపం, ఆ బండిలో తన పని తాను సరిగ్గా చేసింది అదొక్కటే!

ముప్ఫైలోనే సర్దుకోవాలి

మధ్యరకం మోటార్ హోమ్‌కి క్యాంపులో దొరికేది 120 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు. గుణిస్తే 3,600 వాట్లు. పెద్ద బండ్లకి 50 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది. అందులో రెండు లైన్లు వస్తాయి కాబట్టి 12,000 వాట్ల దాకా వాడుకోవచ్చు. ఇబ్బందంతా ముప్ఫై వాళ్లకే.

పైకప్పు ఏసీ మామూలుగా 13 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఎండ ముదిరేకొద్దీ కంప్రెసర్ మీద భారం పెరిగి ఇంకో రెండు ఎక్కువ లాగుతుంది. మైక్రోవేవ్‌కి పన్నెండు. రైస్ కుక్కర్‌కి ఆరు. ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తుంటే మూడు. బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్‌కి మరో ఐదు. మొత్తం నలభై దాటిపోయింది! గంటల తరబడి వాడేటప్పుడు 80 శాతం మించకూడదన్నది అక్కడి ఎలక్ట్రీషియన్లు పాటించే లెక్క. ఆ ప్రకారం చేతిలో ఉన్నవి 24 ఆంపియర్లే.

సాయంత్రమైతే మరో తిప్పలు. క్యాంపులో ఉన్న బండ్లన్నీ ఒకేసారి ఏసీలు వేస్తాయి. పాత క్యాంపుల్లో లైన్ వోల్టేజీ 120 నుంచి 105కి కూడా జారుతుంది. లో వోల్టేజీకి మన పొలాల్లో మోటార్లు ఎందుకు కాలిపోతాయో తెలిసినవాళ్లకి మిగతా కథ చెప్పక్కర్లేదు. వోల్టేజీ తగ్గేకొద్దీ కంప్రెసర్ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ భారమంతా బోర్డు మీద పడుతుంది.

ఎండ ఒక్కటే కాదు

బోర్డు వేడెక్కడానికి ఎండే కారణమనుకుంటే సగమే నిజం. అసలు వేడి బోర్డు లోపలే పుడుతుంది. దానికి మూలం చాలాసార్లు ఒక వదులైన స్క్రూ. ఇంట్లో బోర్డు గోడకి కదలకుండా ఉంటుంది. బండిలోది వేల మైళ్లు గతుకుల్లో అదురుతూ పోతుంది. తీగని పట్టుకున్న స్క్రూ కొంచెం కొంచెంగా సడలుతుంది. అక్కడ కరెంటు దారి ఇరుకవుతుంది. ఆ కీలు దగ్గర ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడిందనుకోండి. 25 ఆంపియర్లు పారితే అక్కడ 62 వాట్ల వేడి పుడుతుంది. అంటే పాత 60 వాట్ల బల్బుని మూతపెట్టిన పెట్టెలో వెలిగించి వదిలేసినట్టే!

ఇందులో మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. ఇండియాలో 230 వోల్టులు. అక్కడ 120. అదే 1,500 వాట్ల వస్తువు మన దగ్గర ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటే అక్కడ పన్నెండున్నర తీసుకుంటుంది. కీలు దగ్గర వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి వదులు కీలు ఒకేలాంటిదైనా అక్కడ సెగ దాదాపు నాలుగు రెట్లు.

బోర్డు పక్కనే కన్వర్టర్ ఉంటుంది. స్తంభం నుంచి వచ్చే కరెంటుని 12 వోల్టులుగా మార్చి లైట్లకీ, నీళ్ల పంపుకీ, బ్యాటరీకీ ఇచ్చేది అదే. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే అది పూర్తి బలంతో పనిచేస్తూ వంద వాట్ల దాకా వేడిగా వదిలేస్తుంది. దానికో చిన్న ఫ్యాను, ముందు గాలి చీలికలు ఉంటాయి. సామాను ఎక్కడ పెట్టాలో తెలియక సూట్‌కేసులు, చెప్పులు, బియ్యం బస్తా ఆ చీలికలకే ఆనించి పెడతారు!

ఇక బ్రేకరు సంగతి. దాని లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది. అమెరికా బ్రేకర్లని 40 డిగ్రీల వాతావరణానికి సరిచేసి తయారుచేస్తారు. మూసిన కప్‌బోర్డులో 55 డిగ్రీలుంటే పట్టీ ముందే సగం వంగి ఉంటుంది. అందుకే 15 ఆంపియర్ల బ్రేకరు అంతకన్నా తక్కువకే పడిపోతుంది. ''ఇది పాడైంది, 20ది వేసేద్దాం'' అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. మన ఇళ్లలో ఫ్యూజు పోయినప్పుడల్లా లావుపాటి రాగితీగ చుట్టేయడం లాంటిదే ఇదీ. బ్రేకరు పడదు సరే, గోడ లోపల 15 ఆంపియర్లకి సరిపోయే తీగ కాలడం మొదలవుతుంది. ఆ గోడలు పలచటి చెక్కవి, మధ్యలో ఫోమ్. దాని పక్కనే పిల్లలు పడుకుంటారు.

దారిలో ఏం చేయాలి?

బండి నడుస్తున్నప్పుడు డ్రైవరు ముందున్న ఏసీ వెనక గది దాకా చల్లబరచలేదు. పైగా డెత్ వ్యాలీ ఎత్తుల్లో ఇంజిను వేడెక్కకుండా ఆ ఏసీ కూడా ఆపమని రోడ్డు పక్క బోర్డులుంటాయి. వెనక భాగం కొలిమి అయ్యేది అప్పుడే. జనరేటరు ఉన్న బండైతే దాంతో పైకప్పు ఏసీ నడపొచ్చు. అన్నిటికన్నా సుఖమైనది తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నానికి ఎక్కడైనా ఆగిపోవడం. ఆరిజోనాలో ఫీనిక్స్ మండిపోతుంటే, ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో సాయంత్రానికి స్వెట్టరు వెతుక్కోవచ్చు.

క్యాంపు చేరగానే ముందు కిటికీలు, పైకప్పు ఫ్యాను తెరిచి లోపలి వేడిగాలిని పంపేయాలి. ఆ తర్వాతే ఏసీ. ఫ్రిజ్‌ని కరెంటు నుంచి గ్యాసుకి మార్చుకునే వీలుంటే మార్చాలి. బోర్డు ఉన్న పక్క పడమటి ఎండకి తగలకుండా బండి నిలపాలి. కప్‌బోర్డు తలుపు ఆగి ఉన్నంతసేపూ తెరిచి, చిన్న ఫ్యాను ఒకటి ఆ వైపు తిప్పితే చాలా తేడా కనిపిస్తుంది. తడిగుడ్డలు, ఐసు మాత్రం బోర్డు దరిదాపుల్లోకి తేకూడదు. వైరు మిగిలింది కదాని చుట్టచుట్టి పెట్టినా వేడి లోపలే ఉండిపోతుంది. పరిచి ఉంచాలి.

కొవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు గన్నులు గుర్తున్నాయి కదా? అలాంటివే పనిముట్ల దుకాణాల్లో ఎక్కువ వేడిని కొలిచేవి దొరుకుతాయి. (జ్వరం చూసేది ఇక్కడ పనికిరాదు.) ఏసీ అరగంట నడిచాక మూత తీయకుండానే బ్రేకర్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూడాలి. అన్నీ ఒకలా ఉండి ఒక్కటే బాగా ఎక్కువ చూపిస్తే స్క్రూ అక్కడ సడలిందేమోనని అనుమానించాలి. బిగించే పని ఎలక్ట్రీషియన్‌దే. స్తంభం ప్లగ్గు, జనరేటరు, ఇన్వర్టరు, బ్యాటరీ అన్నీ తప్పించాకే మూత తీయాలి. కంపెనీ చెప్పిన బిగువుకే తిప్పాలి.

వాసన కూడా ఓ గుర్తే. వేడెక్కిన ప్లాస్టిక్ కొన్నిసార్లు అచ్చం చేపల వాసన వేస్తుంది. వండింది ముద్దపప్పు, వస్తున్నది చేపల వాసన అయితే... పొయ్యి వైపు కాదు, బోర్డు వైపు చూడాలి. పొగ కనిపిస్తే మూత తెరవడాలు, నీళ్లు చల్లడాలు వద్దు. అందరూ దిగిపోవాలి. స్తంభం దగ్గర స్విచ్చు ఆపి 911కి ఫోన్ చేయాలి. డెత్ వ్యాలీలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి క్యాంపు ఆఫీసు ఎటువైపో చేరిన రోజే చూసుకోవడం మంచిది.

మన సినిమావాళ్ల క్యారవాన్లలో, 2021లో కేరళ పర్యాటక శాఖ మొదలుపెట్టిన కేరవాన్ బండ్లలో వోల్టేజీ వేరైనా, వదులు స్క్రూ, మూసిన కప్‌బోర్డు సంగతి అదే.

మళ్లీ మన కుటుంబం దగ్గరికి వద్దాం. ఏసీ ఇరవై నిమిషాలు ఆపి ముందు అన్నం వండుకుంటే బ్రేకరు పడేది కాదు. పాప్‌కార్న్ ఆ తర్వాత. మర్నాడు బయల్దేరేటప్పుడు స్తంభం మీద స్విచ్చు ఆపాకే ప్లగ్గు లాగాలి. లేదంటే నిప్పురవ్వలకి పిన్నులు గుంటలు పడతాయి. లాగాక ఓసారి వాటిని చూడాలి. మెరుస్తుంటే పర్లేదు. ఒక పిన్ను గోధుమరంగుకి తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బినట్టుంటే ఆ ప్లగ్గుని తర్వాతి ఊళ్లో పెట్టకూడదు. అద్దెబండైతే అక్కడే ఫొటో తీసి, బండి ఇచ్చినవాళ్లకి పంపి, కొత్తది వేయించుకున్నాకే కదలాలి.