రజస్వల

రజస్వల అనగా మొదటిసారి ఋతుస్రావం కనిపించిన బాలిక. ఈ తొలి ఋతుస్రావాన్ని వైద్య పరిభాషలో మెనార్కీ అంటారు. తెలుగునాట దీనికి పేర్లకు కొదువ లేదు. పెద్దమనిషి కావడం, పుష్పవతి కావడం, ఈడేరడం, వ్యక్తురాలు కావడం, సమర్తాడడం అని ప్రాంతాన్నిబట్టి, కుటుంబాన్నిబట్టి వ్యవహరిస్తారు. సాధారణంగా ఇది 10 నుండి 15 సంవత్సరాల మధ్య, ఎక్కువమందికి 12, 13 ఏళ్ళ వయస్సులో జరుగుతుంది. ఇన్ని పేర్లున్నా, బంధువులందరికీ కబురంపే వేడుక ఉన్నా, ఆ బాలికకు మాత్రం విషయాన్ని ముందుగా తెలియజెప్పే అలవాటు చాలా ఇళ్ళలో లేదు. అలా తెలియజెప్పి సిద్ధపరచడం ఎందుకు అవసరమో, ఏ విధంగా చేయవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

శరీరంలో జరిగే మార్పులు

మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అండాశయాలను ప్రేరేపించడంతో ఈ దశ ఆరంభమవుతుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తగినంతగా ఉత్పత్తి చేయసాగినపుడు సాధారణంగా మొదట కనిపించే గుర్తు రొమ్ములు మొగ్గతొడగడం. ఇది 8 నుండి 13 ఏళ్ళ మధ్య జరుగుతుంది. తరచు ఒక ప్రక్క ముందుగా, రెండవ ప్రక్క కొన్ని నెలల తరువాత కనిపిస్తుంది. దీనిని గడ్డ అని భ్రమపడి భయపడే పిల్లలున్నారు. తరువాత చంకలలో, జననాంగాల వద్ద రోమాలు రావడం, త్వరత్వరగా పొడవు పెరగడం, మొటిమలు మొదలైనవి కనిపిస్తాయి.

రొమ్ములు ఏర్పడనారంభించిన సుమారు రెండు, రెండున్నర సంవత్సరాలకు తొలి ఋతుస్రావం వస్తుంది. అంతకు కొన్ని నెలల ముందునుండి లోదుస్తులపై తెల్లని లేక లేత పసుపురంగు ద్రవం కనిపించవచ్చు. దురద, దుర్వాసన లేనంతవరకు ఇది వ్యాధి కాదు. అనగా ప్రకృతి తల్లిదండ్రులకు దాదాపు రెండేళ్ళ గడువు ఇస్తున్నది. ఈ గడువును వినియోగించుకొనే కుటుంబాలు తక్కువ.

గర్భాశయం లోపలి పొర ప్రతి నెలా మందంగా తయారవుతుంది. గర్భం నిలవనపుడు ఆ పొర విడివడి రక్తంతోపాటు వెలుపలికి వస్తుంది. దీనిని 'చెడు రక్తం' అనుకొనడం పొరపాటు. ఒక నెలసరిలో పోయే రక్తం సాధారణంగా 30 నుండి 40 మిల్లీలీటర్లు మాత్రమే. మొదటిసారి ఎర్రని రక్తానికి బదులు గోధుమరంగు మరక కనిపించడం కూడా సాధారణమే. రక్తం అంటే ఎర్రగానే ఉంటుందనుకున్న పిల్ల ఆ మరకను చూసి, తనకు తెలియకుండా మలవిసర్జన జరిగిందని సిగ్గుపడి దాచే అవకాశం ఉంది. కనుక రంగు సంగతి తప్పక చెప్పవలెను.

మొదటి రెండు మూడు సంవత్సరాలు అండం ప్రతి నెలా విడుదల కాకపోవడం వలన నెలసరి క్రమం తప్పుతుంది. ఈ వయస్సులో 21 నుండి 45 రోజుల వ్యవధి సహజం. రక్తస్రావం 2 నుండి 7 రోజులు ఉండవచ్చు.

ఆచారాలు

బాలిక రజస్వల అయిన వెంటనే ఆమెను విడిగా చాపపై కూర్చుండబెట్టి, ముత్తైదువలను పిలిచి, హారతి ఇచ్చి, నువ్వులు బెల్లం కలిపి దంచిన చిమ్మిలి పెట్టడం కోస్తా జిల్లాలలో ప్రసిద్ధం. ఇంటి ఆనవాయితీనిబట్టి అయిదవ, ఏడవ, తొమ్మిదవ లేక పదకొండవ రోజున పసుపు నీళ్ళతో స్నానం చేయించి, మేనమామ తెచ్చిన కొత్త బట్టలు కడతారు. లంగా ఓణీల వేడుకను కొందరు దీనితో కలిపి, మరికొందరు విడిగా జరుపుతారు. అమెరికాలోని తెలుగువారు కూడా దీనిని హాఫ్ శారీ ఫంక్షన్ పేరుతో ఘనంగా జరుపుకొంటున్నారు.

ఈ వేడుకలో ఆదరం ఉన్నది. పెద్దలందరూ చేరి దీవించడాన్ని సంతోషంగా గుర్తుంచుకొనే స్త్రీలు అనేకులు. అయితే పూర్వం ఇది పిల్ల పెళ్ళికి సిద్ధమైనదని నలుగురికీ తెలిపే ప్రకటన కూడా. 1929 నాటి శారదా చట్టం బాలికల వివాహానికి కనీస వయస్సును 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. నేడు అది 18 సంవత్సరాలు, 2006 నాటి చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించడం నేరం. కావున పన్నెండేళ్ళ పిల్ల ఛాయాచిత్రంతో వీధి కూడలిలో ఫ్లెక్సీ కట్టేముందు ఆమె ఇష్టాన్ని అడగడం ఉచితం. మరునాడు ఆ వీధిలోనుండే ఆమె బడికి వెళ్ళవలసి ఉంటుంది.

చిమ్మిలి విషయంలో పెద్దల ఆలోచన మంచిదే. నువ్వులలో ఇనుము, కాల్షియం ఉన్నాయి. కాని అది వేడుక జరిగిన కొద్ది రోజులతో ఆగిపోతుంది, ఇనుము అవసరమో ఆ తరువాత దశాబ్దాలపాటు ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-19 ఏళ్ళ బాలికలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, మాంసం, వాటితో నిమ్మ, ఉసిరి, జామ వంటివి ఇవ్వవలెను. భోజనం చేసిన వెంటనే టీ త్రాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

ముందుగా తెలియజెప్పడం

ఎనిమిది, తొమ్మిదేళ్ళకే మాట మొదలుపెట్టడం మంచిది. ఒకే రోజు కూర్చుండబెట్టి అంతా బోధించడం కంటే సందర్భం వచ్చినపుడల్లా కొద్దికొద్దిగా చెప్పడం మేలు. తెలుగు ఇళ్ళలో తల్లి దూరంగా కూర్చున్నపుడు 'అమ్మను కాకి ముట్టుకుంది' అని పిల్లలకు చెప్పే అలవాటు ఉండేది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. 'ఆడవాళ్ళకు నెలకొకసారి కొన్ని రోజులు రక్తం వస్తుంది, అది దెబ్బ వలన కాదు, నీకూ కొన్నేళ్ళకు వస్తుంది' అన్న మాటలు ఆ వయస్సుకు చాలును.

మాటలతోపాటు వస్తువును చూపవలెను. ప్యాడును విప్పి, అంటించి, నీళ్ళు పోసి అది ఎంత పీల్చుకొంటుందో చూపిస్తే సగం భయం పోతుంది. బుద్ధిమాంద్యం ఉన్న బాలికలకు ఈ అభ్యాసం మరింత ముందుగా, పలుమార్లు చేయించడం అవసరం. బడి సంచిలో చిన్న గుడ్డసంచి ఒకటి ఉంచి, అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి, బడిలో ఎవరిని సహాయం అడగవచ్చునో ముందే చెప్పి ఉంచవలెను.

ప్యాడును నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చుకోవలెను. వాడినదానిని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయవలెనే గాని మరుగుదొడ్డిలో పడవేయరాదు. గుడ్డ వాడడంలో దోషమేమీ లేదు. దానిని ముందు చన్నీళ్ళతో, తరువాత సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఎవరి కంటా పడకూడదని మంచం క్రింద, ఇతర బట్టల మాటున ఆరవేసే గుడ్డ తడి ఆరక బూజు పడుతుంది. అనగా ఇక్కడ హాని చేసేది గుడ్డ కాదు, దాపరికం. శుభ్రతకు మంచినీళ్ళు చాలును, యోని లోపల సబ్బు వాడరాదు.

తల్లి లేని ఇళ్ళలో ఈ బాధ్యత తండ్రిది కూడా. అన్నదమ్ములకు సైతం ఈ విషయం తెలిసి ఉంటే వెక్కిరింతలు తగ్గుతాయి. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చునని, కనుక గర్భం రావడం అసాధ్యం కాదని, ఎవరైనా తాకరాని విధంగా తాకితే చెప్పవలెనని కూడా ఈ సంభాషణలలోనే తెలియజేయవలెను.

పాఠశాలలు, వసతిగృహాలు

రాష్ట్ర పాఠ్యపుస్తకాలలో చాలాకాలం కౌమార దశ పాఠం 8వ తరగతిలో ఉండేది. అప్పటికి తరగతిలోని బాలికలలో పలువురు రజస్వలలై ఉంటారు. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో 7 నుండి 12 తరగతుల విద్యార్థినులకు నెలకు 10 ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 5, 6 తరగతులలోనే ఈడేరిన పిల్లలు ఈ హద్దుకు వెలుపల ఉంటారు. 2004లో ఆరంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలలో బాలికలు 6వ తరగతిలో చేరతారు. సరిగ్గా ఈ వయస్సులోనే వారు తల్లికి దూరమవుతారు గనుక, చేర్చడానికి ముందే ఇంటివద్ద చెప్పి పంపడం అత్యవసరం. బడిలో గడియ పడే తలుపు, నీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట గల మరుగుదొడ్డి లేనిచోట ఎన్ని ప్యాడ్లు పంచినా ఆ నాలుగు రోజులు హాజరు తగ్గుతుంది.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

పొత్తికడుపులో నొప్పికి వేడినీళ్ళ కాపడం ఉపశమనం ఇస్తుంది. నొప్పి వలన తరచు బడి మానవలసివస్తే ఓర్చుకోమనక వైద్యునికి చూపించవలెను, మందులు ఉన్నాయి. ఎనిమిదేళ్ళకు ముందే రొమ్ములు ఏర్పడినా, 13 ఏళ్ళకు కూడా ఏర్పడకపోయినా, 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోయినా పరీక్ష అవసరం. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకొక ప్యాడు తడిసిపోతున్నా, మూడు నెలలపాటు నెలసరి రాకపోయినా కూడా సంప్రదించవలెను. తొలి నెలసరిలోనే అధిక రక్తస్రావం అయితే రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన లోపం ఉన్నదేమో వైద్యులు పరీక్షిస్తారు. ముక్కు నుండి, చిగుళ్ళ నుండి తరచు రక్తం కారే అలవాటు ఉంటే ఆ సంగతి కూడా వారికి చెప్పవలెను.