పిల్లలతో దక్షిణ ఫ్రాన్సు యాత్ర



పిల్లలను వెంటబెట్టుకొని దక్షిణ ఫ్రాన్సు దేశమున సెలవులు గడపుట యెట్లు అనునది నేటి ప్రసంగవిషయము. పల్లెలలో నున్నవారికి ఫ్రాన్సు ప్రయాణముతో నేమి పని యని కొందఱు శంకింపవచ్చును. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము తప్ప మన ప్రాంతములకు ఆ దేశముతో సంబంధము స్వల్పమే. కాని నేడు మన యూళ్లనుండి వెడలిన కుమారులు, కుమార్తెలు ఐరోపా నగరములలో కాపురము లున్నారు. సెలవులలో తల్లిదండ్రులను పిలిపించుకొని, అందఱును కలిసి పోదమనుచున్నారు. మనుమలను మనము చూచునది ఆ రెండు వారములే. ఆ దినములు రైళ్లలోను కార్లలోను వ్యయమగునా, పిల్లల చెంత గడచునా అనునది ముందుగా వేసికొనిన పథకముమీద నాధారపడి యున్నది. ఆ విషయమున పెద్దల మాట చెల్లును గనుక, తెలిసి చెప్పుట మేలు. మా కుమారుని కుటుంబముతో నేనును నా సహధర్మచారిణియు అట్లే రెండు వారములు గడపి వచ్చితిమి. మనుమనికి ఆఱేండ్లు, మనుమరాలికి తొమ్మిదేండ్లు.

దక్షిణ ఫ్రాన్సు అనగా మధ్యధరా సముద్రపు ఉత్తరతీరము. తూర్పున ఇటలీ సరిహద్దు, పడమట స్పెయినుదేశపు పర్వతములు. నడుమ రోన్ నది సముద్రమున గలియుచున్నది. నదికి తూర్పు ప్రొవాన్సు, పడమర లాంగ్‌డాక్. పటముమీద ఇది జానెడు నేలవలె గానవచ్చును. కాని తూర్పుననున్న నీస్ నగరమునుండి పడమటనున్న కార్కసోను కోటకు నాలుగువందల కిలోమీటర్లకు మించిన దూరము. పటము చూచి దినమున కొక యూరు చొప్పున వ్రాసికొనువారు పలువురు. అట్టి యాత్రలో పిల్లలకు మిగులునది కారు కిటికీ మాత్రమే. కావున పటమును ప్రక్కనుంచి, ముందుగా పిల్లవాని అడుగును కొలమానముగా గొనవలెను. విచిత్ర మేమనగా, ఆ కొలతయే వృద్ధులకును సరిపోవును. ఎండకు త్వరగా వాడుట, మధ్యాహ్నము నిద్రవచ్చుట, వేళకు ఆకలియగుట ఈ రెండు వయస్సులకును సమానమే.

ఇక కాలనిర్ణయము. ఫ్రాన్సులో బడులు జులై మొదట మూసి ఆగస్టు కడవఱకు తెఱవరు. ఆ రెండు నెలలలో తీరమంతయు జనసమ్మర్దము, అద్దెలు హెచ్చు, ఎండయు తీవ్రము. మన బడుల వేసవి సెలవులు మే నెలలోను, జూను మొదటి దినములలోను ఉండును. ఇచ్చటినుండి పిల్లలను తీసికొనిపోవువారికి ఇది యదృష్టమే. అప్పుడు పగలు హాయిగా నుండును, అయితే సముద్రజలము ఇంకను చల్లగానే యుండును. అచ్చట చదువు పిల్లలకు జులై తప్పనిచో, ఎండను లెక్కలోనికి దీసికొనవలెను. మండుటెండల నెఱిగిన మనకు ఫ్రాన్సు ఎండ యేపాటిది యని తలపరాదు. 2003వ సంవత్సరము ఆగస్టులో వడగాడ్పులవలన ఆ దేశమున సుమారు 15,000 మంది మరణించిరి. వారిలో నధికసంఖ్యాకులు వృద్ధులు. 2019 జూను 28వ తేదీన లాంగ్‌డాక్ ప్రాంతపు వేరార్గ్ గ్రామమున 46 డిగ్రీల వేడిమి నమోదయ్యెను. అచ్చటి చాల యిండ్లలో గదిని చల్లబఱచు యంత్రములు లేవు. ఆ దేశీయులు పగటివేళ కిటికీల చెక్కతలుపులు మూసి, రాత్రి తెఱతురు. మనమును అట్లే చేయవలెను.

తరువాత బస. వారమున కొక్క యిల్లు చాలును. అచ్చట పల్లెలలో వంటగదితో గూడిన యిండ్లను వారమున కింతయని అద్దెకిత్తురు. వేసవిలో శనివారమునుండి శనివారమువఱకు లెక్క. పారిసు నగరమునుండి అవిన్యోన్ పట్టణమునకు వేగపు రైలులో మూడు గంటలలోపే చేరవచ్చును. మేము మొదటి వారము నీమ్ నగరసమీపమున, రెండవ వారము పడమటనున్న బేజియే పట్టణము దగ్గఱ బస చేసితిమి. అద్దె యింట ఈతకొలను ఉన్నచో దానికి కంచెగాని, మూతగాని, అపాయము దెలుపు గంటగాని యుండవలెనని ఫ్రాన్సులో 2003 నాటి చట్టము విధించుచున్నది. కుదుర్చుకొనకముందే ఆ సంగతి యడుగుడు. ఉన్నను, నీటియొద్ద పిల్లలకు పెద్దవారి కన్నే కావలి.

మా దినచర్య యిట్లుండెను. తెల్లవాఱగనే రొట్టె కొనితెచ్చుట, చల్లని పూట ఒక్క వింతను జూచుట, పండ్రెండు గంటలకు భోజనము, పిమ్మట తలుపులు మూసి నిద్ర, లేకున్న కథాకాలక్షేపము, అయిదు దాటిన పిమ్మట మరల బయట. నూనె రాచుకొనిన చర్మమునకుగూడ మధ్యాహ్నపుటెండ మంచిది కాదు. జూనులో అచ్చట ప్రొద్దు గ్రుంకునది తొమ్మిది దాటిన పిమ్మటనే. వెలుగుండగా నిద్రపొమ్మన్న పిల్లలు వినరు, పగటినిద్ర లేకున్న మఱునాడు ఏడ్పులు తప్పవు. భోజనశాలలు రాత్రి యేడింటికిగాని వడ్డన మొదలుపెట్టవు. ఆఱుగంటలకే యాకలియను పిల్లవాని కడుపునకు ఆ గడియారము తెలియదు. వంటగది గల యిల్లు కావలె ననుట కిదియే ముఖ్యకారణము.

చూడదగినవానిలో పిల్లల మనస్సు పట్టునవి రాజమందిరములు కావు. నీరు, జంతువులు, ఎక్కుటకు వీలగు గోడలు. నీమ్ నగరమునకు సమీపమున రోమకులు సుమారు రెండువేల యేండ్ల క్రిందట గట్టిన వంతెన యున్నది. దాని పేరు పోన్ ద్యు గార్. మూడంతస్తుల కమానులు, ఎత్తు 49 మీటర్లు. ఏటిమీదుగా మంచినీటికాలువను దాటించుటకు గట్టిన దది. ఊటనుండి నగరమువఱకు ఆ కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు, మొత్తము వాలు దాదాపు 12 మీటర్లు. కిలోమీటరునకు జానెడు వాలన్నమాట. పొలమునకు నీరు పాఱించిన మీకు ఆ పనియందలి నేర్పు చెప్పనక్కఱలేదు. "తాతయ్యా, అంతదూరము నీటిని ఎవరు తోసిరి?" అని మనుమ డడిగెను. వాలే తోసినదని చెప్పి, ఇసుకలో చిన్నకాలువ దీసి నీరు పోసి చూపితిని. వాడును అక్కయు సాయంకాలమువఱకు కాలువలు త్రవ్వుచునే యుండిరి. ఆ దినమున మఱియేమియు చూడలేదు, చూడలేదను కొఱతయు లేదు.

రోన్ నది ముఖద్వారమున కామార్గ్ అను లంకభూమి కలదు. తెల్లని గుఱ్ఱములు, నల్లని యెడ్లు, ఉప్పుమళ్లు, గులాబిరంగు ఫ్లెమింగో పక్షులు అచ్చటి వింతలు. పులికాటు సరస్సున నీ పక్షులను జూచినవారు వెంటనే గుర్తింపగలరు. అచ్చట వరియు పండును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇండోచైనానుండి తెచ్చిన కూలీల శ్రమచే ఆ సాగు నిలద్రొక్కుకొనెను. వరిచేలు పరభూమిలో గనబడగా నా సహధర్మచారిణి కారు నాపించి గట్టుమీద కొంతసేపు నిలిచెను. మన యూరిచేలు ఇట్లే యుండునని పిల్లలకు ఆమెయే వివరించెను. దోమ లధికము, చేతులు కప్పు బట్టలు మఱవరాదు.

బేజియే పట్టణమున మిదీ కాలువను జూడవలెను. పియేర్ పోల్ రికే అనునాతడు 1666లో ఆరంభింపగా 1681లో ముగిసిన యీ కాలువ పొడవు 240 కిలోమీటర్లు. ఇచ్చట కొండవాలున మెట్లవలె వరుసగా లాకులు గట్టి పడవలను 21 మీటర్లకు పైగా ఎక్కించి దింపుదురు. గోదావరికాలువల లాకు లెఱిగినవారికి ఆ యంత్రము క్రొత్తది కాదు. ఇచ్చట పిల్లలకు మనము గురువులము కావచ్చును.

సముద్రస్నానమునకు మూడు జెండాల నియమ మున్నది. పచ్చజెండా యున్న దిగవచ్చును, పసుపుజెండా యున్న జాగ్రత్త, ఎఱ్ఱజెండా యున్న దిగరాదు. కాపరులుండు వేళ, కాపరులుండు హద్దులలోనే పిల్లలను దింపవలెను. మిస్ట్రాల్ అను ఉత్తరపుగాలి రోన్ లోయవెంట ఒక్కొక్కప్పుడు గంటకు నూఱు కిలోమీటర్లకు మించిన వేగముతో వీచును. అప్పుడు పైనీరు తొలగి, సముద్రము ఒక్కసారిగ చల్లబడును. మార్సెయి నగరసమీపపు కొండచఱియలకు వేసవిలో కార్చిచ్చు భయముచే కొన్నిదినములు ప్రవేశము నిషేధింతురు. ముందునాడే విచారించి పోవలెను.

భోజనవిషయము. రొట్టె, పండ్లు, కాయగూరల కూర, నీస్ ప్రాంతమున శనగపిండితో జేయు సోకా యను అట్టు శాకాహారులకు దొరకును. కాని కూరలలో పందిమాంసపు ముక్కలు, చేపలు చేరుట గలదు కనుక అడిగి తినవలెను. ఇచ్చటినుండి నేయి, పాలకోవ మొదలగు పాలపదార్థములు కొనిపోవుటకు ఐరోపాలో అనుమతి లేదు. బియ్యము, పప్పు అచ్చటనే దొరకును.

పత్రముల సంగతి తుదిదైనను ముఖ్యమైనది. వీసాకై ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. 15 దినముల గడువు లోపల చేయగూడదు. 2024 జూనునుండి రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆఱునుండి పండ్రెండేండ్లలోపు పిల్లలకు 45. అంతకు చిన్నవారికి లేదు. 30,000 యూరోలకు తగ్గని వైద్యపు బీమా యుండవలెను. తాత, అవ్వలే పిల్లలను తీసికొనిపోవునెడల తల్లిదండ్రుల సమ్మతిపత్రము కావలెను. కారులో పదేండ్లలోపు పిల్లలకు తగిన ప్రత్యేకపీట తప్పనిసరి. ఆపత్కాలమున 112 సంఖ్యకు ఫోను చేయవలెను.

కావున పిలుపు వచ్చినప్పుడు, ఎన్ని యూళ్లు చూతుమని యడుగకుడు. ఎచ్చట నిలుతుము, మధ్యాహ్న మెచ్చట పండుకొందుము, పిల్లలు నీటిలో నాడునప్పుడు ఎవరు చూతురు అని యడుగుడు. ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మట తక్కినదంతయు పటము చూచి కొడుకులే కుదుర్తురు. మనుమల చేయి పట్టుకొని మెల్లగా నడచుపని మాత్రము మనది. సెలవు.