పరిశోధన క్షేత్రాలలో భవనాల మధ్య వైర్‌లెస్ బ్రిడ్జి: పైరు ఎత్తును గణించవలసిన ఆవశ్యకత

వ్యవసాయ పరిశోధన స్థానాలలో కార్యాలయానికి ఇంటర్నెట్ ఉన్నప్పటికీ, పొలాలకు ఆవల ఉన్న పాలీహౌస్‌కు, విత్తన గిడ్డంగికి, వాతావరణ పరిశీలన కేంద్రానికి అది అందడం కష్టం. దున్నే మళ్ళ గుండా, కాలువల కింద కేబుల్ పూడ్చడం వ్యయంతో కూడిన పని. తెగే ప్రమాదమూ ఎక్కువే. ఇటువంటి చోట రెండు భవనాలపై ఎదురెదురుగా యాంటెన్నాలను అమర్చి వైర్‌లెస్ బ్రిడ్జిని ఏర్పరచవచ్చు. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో ఇటువంటి పరికరాల వినియోగాన్ని, నిర్దేశించిన శక్తి పరిమితులకు లోబడి, భారత ప్రభుత్వం 2018లో లైసెన్సు నుండి మినహాయించింది.

స్థల పరిశీలన సాధారణంగా వేసవిలో, మళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు జరుగుతుంది. ఎదుటి భవనం కంటికి కనిపిస్తే చాలునని భావిస్తారు. అది చాలదు. రేడియో తరంగం దారంలా సాగక, నూలు చుట్టిన కదురు వలె మధ్యలో ఉబ్బి ప్రయాణిస్తుంది. ఈ ప్రదేశమే ఫ్రెనెల్ మండలం. కిలోమీటరు దూరానికి, 5.8 గిగాహెర్ట్జ్ వద్ద, నడిమధ్యన దీని వ్యాసార్ధం సుమారు 3.6 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అనగా 2.2 మీటర్ల మేర అడ్డు లేకుండా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద వ్యాసార్ధమే 5.6 మీటర్లకు చేరుతుంది.

ఆ మధ్య మళ్ళలో చెరకు వేశారనుకుందాం. పైరు 3.5 మీటర్లు పెరిగితే యాంటెన్నాలను కలిపే రేఖ అక్కడ నేల నుండి 5.7 మీటర్ల ఎత్తున ఉండాలి. నాలుగు మీటర్ల డాబా అంచున బిగించిన యాంటెన్నా వేసవిలో చక్కగా పనిచేసి, వానాకాలంలో తడబడుతుంది. డాబాపై రెండు మీటర్ల స్తంభం నిలిపితే సమస్య తీరుతుంది. వరికి ఈ చిక్కు లేదు. గట్లపై పెరిగే టేకు, సుబాబుల్, కొబ్బరి చెట్ల విషయం వేరు. ఏటా స్తంభం పెంచడం కంటే మూడవ భవనం మీదుగా రేఖను మళ్ళించడమే మేలు.

లింకు బలహీనపడినప్పుడు నింద వానపై పడుతుంది. నిజానికి ఈ పౌనఃపున్యం వద్ద కిలోమీటరు దూరంలో భారీ వర్షం వల్ల కలిగే నష్టం ఒక డెసిబెల్‌కు మించదు. తడిసిన ఆకులే సంకేతాన్ని పీల్చుకుంటాయి. తెగుళ్ళ ముందస్తు హెచ్చరికకు తేమ, ఉష్ణోగ్రతల గణాంకాలు అత్యవసరమైన సమయంలోనే అవి అందకుండా పోతాయి. కనుక వాతావరణ కేంద్రంలో స్థానికంగా డేటా నిల్వ చేసుకునే లాగర్ తప్పనిసరి.

పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన ‘అశ్విని’ ప్రాజెక్టు వైఫై సాంకేతికతతోనే గ్రామాలను అనుసంధానించింది. అటువంటి దూరపు లింకులలో రేడియో పరికరాల కన్నా టవర్ల వ్యయమే అధికం. ఎత్తుకు చెల్లించవలసిన మూల్యం అది. క్షేత్ర స్థాయిలో రెండు మీటర్ల ఇనుప గొట్టంతో సరిపోవడం మన అదృష్టం.

బ్రిడ్జి యాంటెన్నా ఇరుకైన పుంజాన్నే ప్రసరింపజేస్తుంది కనుక సిబ్బంది ఫోన్లకు ప్రతి భవనంలోనూ వేరొక యాక్సెస్ పాయింటు, వేరొక ఛానల్‌పై, అవసరం. పాలీహౌస్‌లో దానిని దట్టమైన మొక్కల వెనుక కాక పని జరిగే వైపు అమర్చాలి. విద్యుత్తును, డేటాను కలిపి మోసే ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లు దాటరాదు. ఎండకు తట్టుకునే రకమై ఉండాలి. స్తంభానికి ఎర్తింగ్, కేబుల్‌కు సర్జ్ రక్షణ పరికరం లేకుండా లింకును ప్రారంభించరాదు.

బిగించిన రోజున సంకేత బలాన్ని నమోదు చేసి, ఆపై ప్రతి నెలా పైరు ఎత్తుతో పాటు అదే రిజిస్టరులో వ్రాయాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు అంకెలు క్రమంగా తగ్గుతూ, కోత తరువాత తిరిగి పెరిగితే, మార్చవలసినది పరికరం కాదు, స్తంభం ఎత్తు.