నీస్ నెగ్రెస్కో: చలికాలం కోసం పుట్టిన హోటల్

ఈ ఎపిసోడ్‌లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ గురించి, అక్కడి నెగ్రెస్కో హోటల్ గురించి మాట్లాడుకున్నాం. టైం చాలక వదిలేసిన ప్రశ్న ఒకటుంది: అంత రేటు పెట్టి అక్కడ ఉండాలా? ఉంటే ఎప్పుడు?

మా జవాబు: ఒక్క రాత్రి చాలు, అదీ చలికాలంలో. ఎందుకో చూద్దాం.

అప్పట్లో సీజన్ వేరు

ఇప్పుడు మధ్యధరా తీరం అంటే ఎండాకాలమే గుర్తొస్తుంది. కానీ 18వ శతాబ్దం చివరి నుంచి డబ్బున్న ఇంగ్లిష్‌వాళ్లు నీస్ వెళ్లింది ఇక్కడి చలి తప్పించుకోడానికి. 1820లలో వాళ్ల డబ్బుతో సముద్రం పక్కన వేసిన బాటే ప్రొమెనాద్ దెజాంగ్లే, అంటే ఆంగ్లేయుల బాట. 1864లో రైలు వచ్చాక రాజకుటుంబాలు కూడా దిగాయి. వేసవి వస్తే పెద్ద హోటళ్లు తాళం వేసేవి.

ఆ బాట మీదే, రొమేనియాలో పుట్టిన ఆన్రీ నెగ్రెస్కో 1913లో హోటల్ తెరిచారు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. హోటల్ కాస్తా ఆసుపత్రి అయింది. ఆస్తి పోగొట్టుకుని ఆయన 1920లో చనిపోయారు. 1957లో ఓజియే కుటుంబం దాన్ని కొన్నది. ఝాన్ ఓజియే 2019లో పోయేదాకా గదుల్నీ హాళ్లనీ పాత చిత్రాలతో, సామానుతో నింపుతూనే ఉన్నారు. అంటే మీరు డబ్బు కట్టేది ఆ లోపలి అందానికి. ఆగస్టులో వెళ్లి రోజంతా బీచ్‌లో ఉంటే, అది చూసేదెప్పుడు?

హైదరాబాద్ పెళ్లిళ్లు

1924లో పదవి పోయిన ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ తలదాచుకున్నది నీస్‌లోనే. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకి నెలనెలా డబ్బు పంపేవారు. 1931 నవంబర్ 12న ఖలీఫా కూతురు దుర్రుషెహవార్‌కి నిజాం పెద్దకొడుకుతో, వాళ్ల బంధువులమ్మాయి నిలోఫర్‌కి చిన్నకొడుకుతో ఆ ఊళ్లోనే పెళ్లయింది. హైదరాబాద్ పిల్లల దవాఖానా పేరు ఆ నిలోఫర్‌దే. దుర్రుషెహవార్ 2006లో లండన్‌లో పోయారు. సమాధి బ్రూక్‌వుడ్‌లో ఉంది. మన బేసింగ్‌స్టోక్ నుంచి వాటర్లూకి ఆగుతూ వెళ్లే రైలు ఆ స్టేషన్ మీదుగానే పోతుంది.

బుక్ చేసే ముందు

- కొత్త సంవత్సరం వారం వదిలేసి, నవంబర్–జనవరి మధ్య చూడండి. కార్నివాల్, కాన్ సినిమా ఉత్సవం, మొనాకో కార్ల రేసు రోజుల్లో ఆ తీరమంతా రేట్లు ఎక్కిపోతాయి.
- గది సముద్రం వైపా, ఊరి వైపా అడగండి. హోటల్‌కీ నీళ్లకీ మధ్య పెద్ద రోడ్డుంది. బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. విశాఖ బీచ్‌లా ఊహించుకోకండి.
- మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్ట్ టాక్స్ పడుతుంది. టిఫిన్ రేటులో కలిసిందో లేదో చూసుకోండి.
- ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే, యూకేలో ఐఎల్ఆర్ ఉన్నా సరే, షెంగెన్ వీసా తప్పదు. వీసా చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోగలిగే రేటే తీసుకోండి.

గది మన బడ్జెట్‌కి అందకపోయినా నష్టం లేదు. హోటల్ బార్‌లో ఒక కాఫీ తాగండి. తర్వాత పాత ఊళ్లోకి నడిచి సొక్కా తినండి. శనగపిండితో చేసే అట్టు లాంటిది, శాకాహారులకీ పనికొస్తుంది.

ఎపిసోడ్ మాటలన్నీ కింద ఉన్నాయి.