బంధించిన ప్రాణి ఒక అమానతు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు జీవాలను పెంచడం కొత్త కాదు. మేకలు, కోళ్లు, పావురాలు, పొట్టి పుంగనూరు ఆవులు, పట్టుపురుగులు మన ఇళ్ల మధ్యనే పెరుగుతూ వచ్చాయి. అయితే బెంగళూరు వంటి నగరాల్లో చదువుకుని సెలవులకు వచ్చే మన యువకుల్లో కొందరు ఇప్పుడు ఒక వింత కోరికను తల్లిదండ్రుల ముందు ఉంచుతున్నారు. టరాంటులా సాలీడును పెంచుకుంటామని వారు అడుగుతున్నారు. అరచేయంత మేర కాళ్లు చాచి, ఒళ్లంతా నూగుతో ఉండే ఈ ప్రాణి పేరు వినగానే తల్లి భయపడుతుంది, తండ్రి విసుక్కుంటాడు. భయమూ విసుగూ సమాధానాలు కావు. ధర్మం ఏమంటుందో, చట్టం ఏమంటుందో, ఆ ప్రాణికి ఏమి అవసరమో తెలుసుకుని మాట్లాడటం పెద్దల బాధ్యత.

ధర్మం దృష్టిలో

దివ్యఖుర్ఆన్‌లో 29వ సూరాకు సాలీడు పేరే ఉంది. 6వ సూరా 38వ ఆయతు నేలపై తిరిగే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సమాజాలేనని తెలుపుతుంది. కనుక సాలీడును అసహ్యించుకోవడం విశ్వాసి లక్షణం కాదు.

ప్రాణిని ఇంట్లో ఉంచుకోవచ్చా అన్న ప్రశ్నకు హదీసు గ్రంథాల్లో రెండు దారిదీపాలున్నాయి. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించారు. పిట్టను ఉంచుకున్నందుకు మందలించలేదు. పెంపకం ధర్మసమ్మతమని పండితులు దీని నుంచి గ్రహించారు. రెండవది, పిల్లిని బంధించిన స్త్రీ ఉదంతం. ఆమె దానికి తిండి పెట్టలేదు, బయట వెతుక్కుని తిననివ్వనూ లేదు. అందుకు నరక శిక్షకు గురైంది. ఈ రెంటినీ కలిపి చదివితే విషయం తేటపడుతుంది. పెంచడానికి అనుమతి ఉంది. కానీ మూత వేసిన క్షణం నుంచి లోపలి ప్రాణి మన చేతిలో అమానతు అవుతుంది.

కొనుగోలు విషయంలో మన ప్రాంతానికి దగ్గరైన ఉదాహరణ ఒకటి హనఫీ ఫిఖ్‌హ్‌లో ఉంది. పట్టుపురుగు క్రిమికీటకాల కోవలోనిదని దాని క్రయవిక్రయాలను ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అంగీకరించలేదు. దాని వల్ల ప్రయోజనం ఉన్నందున ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అనుమతించారు. ఫత్వా ఈ రెండవ అభిప్రాయంపైనే ఉంది. అంటే ఇక్కడ ప్రయోజనమే కొలబద్ద. టరాంటులాకు పెద్ద సొమ్ము చెల్లించబోయేవారు అందులో ప్రయోజనం ఉందా, లేక వృథా ఖర్చా అన్న ప్రశ్నను ముందుగా తమ ఊరి ముఫ్తీ సాహెబ్ ఎదుట ఉంచాలి.

మన గడ్డ మీది నీలి సాలీడు

ప్రపంచమంతటా పెంపకందారులు కోరుకునే అందమైన టరాంటులాల్లో ఒకటి మన రాయలసీమ ఊరి పేరుతోనే ప్రసిద్ధం. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప దొడ్డిలో దొరికిన ఒక సాలీడును లోకానికి పరిచయం చేశారు. నెమలి మెడలా మెరిసే నీలి రంగు దానిది. ఆ తర్వాత శతాబ్దం పాటు దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. వంద చదరపు కిలోమీటర్లకు మించని ఆ కొద్దిపాటి అడవిలో, పాత చెట్ల తొర్రల్లో అది బతుకుతుంది. చెట్లు నరికితే దానికి మరో ఇల్లు లేదు. అందుకే 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా గుర్తించింది. సృష్టికర్త మన సీమకు ప్రత్యేకంగా ఇచ్చిన ఈ ప్రాణి విదేశాల్లో గాజు పెట్టెల్లో పెరుగుతోంది. మనలో చాలామందికి మాత్రం దాని పేరైనా తెలియదు.

చట్టాన్ని దాటరాదు

హార్స్‌లీ కొండల్లోనో, కుప్పం, పలమనేరు వైపున్న కౌండిన్య అభయారణ్యంలోనో సాలీడు కనబడితే చూసి ఆనందించాలే గాని డబ్బాలో వేసుకుని రాకూడదు. అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణిని తెచ్చినా నేరమే. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే విదేశీ జాతులను ఉంచుకున్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. మెక్సికోకు చెందిన ఎర్ర మోకాళ్ల టరాంటులా ఇటువంటిదే. 2021 జులైలో చెన్నై విమానాశ్రయ కస్టమ్స్ అధికారులు పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్సిల్‌ను తెరిచారు. చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో 107 సాలీళ్లు ప్రాణాలతో బయటపడ్డాయి. వాటిని తిప్పి పంపేశారు. పత్రాలు లేని ప్రాణిని తక్కువ ధరకు ఎవరైనా చూపిస్తే అది ఈ దారినే వచ్చిందేమోనని అనుమానించాలి.

పట్టుపురుగు నేర్పిన పాఠం

అన్నీ సక్రమంగా ఉండి పెంపకానికి పూనుకుంటే, మొదటిసారి పెంచేవారికి నేల మీద మెల్లగా తిరిగే అమెరికా ఖండాల జాతులు మేలు. గుత్తి సాలీడు మెరుపు వేగంతో కదులుతుంది. అది కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెట్టవచ్చు. అనుభవం లేనివారికి అది తగదు.

నేల సాలీడుకు పెట్టె ఎత్తుగా ఉండకూడదు. గోడెక్కి జారిపడితే దాని మెత్తని పొట్ట పగిలి చనిపోతుంది. కాబట్టి కొబ్బరి పొట్టును మందంగా పరచి, మట్టికీ మూతకూ మధ్య ఖాళీని తగ్గించాలి. దాక్కోవడానికి పగిలిన కుండ ముక్క, లోతులేని పాత్రలో నీళ్లు, గాలి ఆడే రంధ్రాలు, గట్టి మూత ఉంటే చాలు. పెట్టెను ఎండలో ఉంచరాదు. ఎదిగిన సాలీడుకు వారం పది రోజులకొక కీచురాయి సరిపోతుంది. మన టమాటా తోటల్లో పట్టిన పురుగులను మాత్రం వేయవద్దు. వాటి ఒంటి మీది మందు సాలీడును చంపుతుంది. ఆ గదిలో దోమల మందు కూడా వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మన పట్టు రైతులకు ముందే తెలుసు. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు వారు ఆకు వేయరు, తట్టను కదపరు. టరాంటులా కూడా అలాగే పొర విడుస్తుంది. కొన్ని వారాలు తిండి మానేసి, ఒకనాడు వెల్లకిలా పడుకుంటుంది. చనిపోయిందనుకుని కదిలించేవారు దాన్ని నిజంగానే చంపుతారు. అప్పుడు నీళ్లు మాత్రమే ఉంచాలి. ప్రాణమున్న కీచురాయి లోపల మిగిలిపోతే మెత్తబడిన సాలీడునే కొరకవచ్చు. పొర విడిచాక తెల్లని కోరలు నల్లబడి గట్టిపడే దాకా తిండి వేయరాదు.

చేతిపై ఎక్కించుకోవడం దానికి ప్రేమగా తోచదు. అమెరికా జాతులు పొట్ట మీది నూగును విదిలిస్తాయి. అది కంట్లో పడితే కన్నుకు హాని కలుగుతుంది, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. పెట్టెను శుభ్రపరిచాక చేతులు కడగకుండా కళ్లు తాకరాదు. ఆహారం వేయడమంటే అల్లాహ్ దానికి నిర్ణయించిన ఉపాధిని అందించడమే. దాన్ని తమాషాగా మార్చి, వీడియోలు తీసి నవ్వుకోవడం మనకు తగదు. ప్రాణులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని దైవప్రవక్త (స) నిషేధించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

ఇరవై ఏళ్ల మాట

ఎర్ర మోకాళ్ల ఆడ సాలీడు ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. ఈ రోజు దాన్ని కోరే కుమారుడు రేపు ఉద్యోగానికి కువైట్ వెళ్లవచ్చు, పెళ్లయి వేరే ఊళ్లో స్థిరపడవచ్చు. అప్పుడు ఆ పెట్టె భయపడిన తల్లి చేతికే వస్తుంది. కొండల్లో వదిలేద్దామంటే విదేశీ ప్రాణి ఇక్కడ బతకలేకపోవచ్చు, బతికితే ఇక్కడి ప్రాణులకు చేటు చేయవచ్చు.

కనుక ప్రియమైన తల్లిదండ్రులారా, పిల్లవాడు అడిగినప్పుడు వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. ఆరు నెలలు ఇంట్లోని కోళ్లనో పావురాలనో ఒక్క పూట మరవకుండా చూసుకోమనండి. మీరు లేని రోజున వీటిని ఎవరు చూస్తారని అడగండి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగిన పిల్లవాడు సాలీడును కొన్నా కొనకపోయినా అమానతు అంటే ఏమిటో నేర్చుకున్నట్లే. మన సంరక్షణలోని ప్రతి ప్రాణి హక్కును నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.