చందమామ మీద లావా గుబ్బలు: మీకు తెలుసా?

చంద్రుడి మీద కనిపించే గుంతలు దాదాపు అన్నీ ఉల్కలు, గ్రహశకలాలు ఢీకొట్టి చేసినవే. కొన్ని మాత్రం లోపలి లావా తెరుచుకున్న నోళ్లు!

కోపర్నికస్ బిలానికి పడమరగా హార్టెన్సియస్ అనే చిన్న బిలం ఉంది. దానికి ఉత్తరాన బోర్లించిన మూకుళ్లలా ఆరు గుబ్బలు గుంపుగా ఉంటాయి. ఒక్కోటి కొన్ని కిలోమీటర్ల వెడల్పు, ఎత్తు కొన్ని వందల మీటర్లే. చాలావాటి నడినెత్తిన చిన్న గుంట ఉంటుంది. లావా బయటికొచ్చిన దారి అదే. పలుచని లావా వేగంగా పొంగితే మైదానంలా పరుచుకుపోతుంది. ఇక్కడ కాస్త చల్లబడి, చిక్కబడి, నింపాదిగా వచ్చింది కాబట్టే పోగుపడింది. చంద్రుడి మీదే మరోచోట ఉన్న గ్రూయితూసెన్ గుబ్బల సంగతి వేరు. సిలికా ఎక్కువున్న జిగట లావాతో అవి కిలోమీటరుకు పైగా లేచాయి.

హార్టెన్సియస్ గుబ్బల వాలు చాలా తక్కువ. పున్నమి నాడు నీడే పడదు, ఎంత వెతికినా దొరకవు. శుక్లపక్షంలో దశమి, ఏకాదశి ప్రాంతాల్లో అక్కడ తెల్లవారుతుంది. ఏటవాలు ఎండకు ప్రతి గుబ్బా నీడతో తేలుతుంది. ఓ మోస్తరు టెలిస్కోపు దొరికితే ఆ రాత్రి తప్పక చూడండి.